పేర్ల కౌలు

మార్చి వచ్చిందంటే నా మెయిల్ బాక్సులో రిజిస్ట్రార్ల ఉత్తరాలు మొదలవుతాయి. "మీ డొమైన్ ఇంకో 30 రోజుల్లో ఎక్స్‌పైర్ అవుతోంది" అని ఒకటి, 15 రోజుల్లో అని ఇంకొకటి, ఆఖర్న ఎర్ర అక్షరాల్లో మరొకటి. ఒకప్పుడు ఇవి కుప్పలుగా వచ్చేవి. ఇప్పుడు నా దగ్గర 12 పేర్లే మిగిలాయి కాబట్టి ప్రాణం కాస్త తెరిపిన పడింది. మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు లంచ్ దగ్గర "అన్నా, డొమైన్లు కొని పెట్టుకుంటే మంచి డబ్బులంట కదా, నువ్వు చేశావంట కదా?" అనడిగాడు. వాడికి అక్కడ నష్టం లెక్క వరకూ చెప్పాను. మిగతాది నలుగురి మధ్య అన్నం తింటూ చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను మా ఊళ్ళోనే ఉన్నాను. మాది యాలాల్. తాండూరు పక్కన, 2016 అక్టోబర్ దాకా రంగారెడ్డి జిల్లా, ఆ తర్వాత వికారాబాద్ జిల్లా. పగలు డాబా మీద సిగ్నల్ వెతుక్కుంటూ స్టాండప్ కాల్స్, రాత్రయితే యూట్యూబ్. ఆ యూట్యూబ్‌లోనే ఒకాయన పరిచయం అయ్యాడు. తెల్లబోర్డు ముందు నిలబడి "వాయిస్ డాట్ కామ్ అనే ఒక్క పేరు 2019లో మూడు కోట్ల డాలర్లకి అమ్ముడుపోయింది" అన్నాడు. మన లెక్కలో రెండొందల కోట్ల పైమాటే. అబద్ధం కాదు, నిజంగానే అమ్ముడుపోయింది. కాకపోతే అమ్మింది మైక్రోస్ట్రాటజీ అనే పెద్ద కంపెనీ అనీ, అలాంటి ఒకే ఒక్క ఇంగ్లీషు మాట డాట్ కామ్‌లో ఖాళీగా దొరకడం మానేసి పాతికేళ్ళు దాటిందనీ ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎనిమిదొందలు పెట్టి కొంటే ఎనభై వేలు అనే మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

మీ అందరికీ డీఎన్ఎస్ తెలుసు కాబట్టి ఆ పురాణం వదిలేస్తా. వ్యాపారం సంగతి మాత్రం చాలా సింపుల్. ముందొచ్చినవాడిదే పేరు. ఎవరూ తీసుకోని పేరుని నేరుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. లేదా ఎవరో వదిలేసిన పాత పేరుని పట్టుకోవచ్చు. డాట్ కామ్ పేరు గడువు దాటగానే బజార్న పడదు. రిజిస్ట్రారుని బట్టి ఓ 45 రోజుల వరకూ గ్రేస్, తర్వాత 30 రోజులు రిడెంప్షన్ (ఇందులో వెనక్కి తెచ్చుకోవాలంటే రిజిస్ట్రారు గట్టిగా వాయిస్తాడు), ఆ తర్వాత అయిదు రోజులు పెండింగ్ డిలీట్. అప్పుడు గానీ అందరికీ దొరకదు. ఆ దొరికే క్షణం కోసం స్క్రిప్టులు కాచుకుని ఉంటాయి. పది రాత్రులు అలారం పెట్టుకుని కూర్చున్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, స్క్రిప్టులతో పోటీ పడేది స్క్రిప్టులే అని :)

కాబట్టి ఎవరూ తీసుకోని పేర్లే కొనడం మొదలెట్టా. మొదటి ఏడాది ఆఫర్లు ఉంటాయి కదా, ఒకటి 99 రూపాయలు, ఒకటి 199. ఒక రాత్రి కూర్చుంటే పదకొండు కొన్నాను. 2021 అక్టోబర్ 28న ఫేస్‌బుక్ తన కంపెనీ పేరు మెటాగా మార్చుకుంది. తెల్లారేసరికి నా దగ్గర తొమ్మిది 'మెటా' పేర్లు. మెటా పెళ్ళి, మెటా సంబంధాలు కూడా అందులో ఉన్నాయి, నవ్వకండి. 2022 ఫిబ్రవరిలో తమిళనాడులో ఒక జంట మెటావర్స్‌లో రిసెప్షన్ చేసుకున్న వార్త వచ్చినప్పుడు, నాకు లాటరీ తగిలినంత సంబరం వేసింది. ఆ పేర్లకి ఈ రోజు వరకూ ఒక్క ఎంక్వైరీ లేదు. తాండూరుని జిల్లా చేస్తారేమో అని దాని మీదా రెండు కొన్నాను. మొత్తం 74. డాట్ కామ్ 41, డాట్ ఇన్ 25, మిగతా ఎనిమిదీ ఎక్స్‌వైజడ్, ఆన్‌లైన్, ఒక డాట్ భారత్. అన్నీ కలిపి 31 వేలు అయ్యాయి. ఎక్సెల్ షీట్‌లో పక్కన 'అంచనా విలువ' అని ఒక కాలమ్ పెట్టుకున్నాను. ఆ కాలమ్ మొత్తం 38 లక్షలు చూపించేది. ఆ సంఖ్యని ఎవరు వేశారయ్యా అంటే నేనే.

ఆ డాట్ భారత్ సంగతి చెప్పాలి. తెలుగు లిపిలోనే పేరు, తెలుగు లిపిలోనే భారత్. భాషాభిమానం కొద్దీ కొన్నా. వాట్సాప్‌లో ఒక ఫ్రెండుకి పంపితే "ఎక్స్ ఎన్ డాష్ డాష్ అని ఏదో వచ్చింది, వైరస్సా?" అనడిగాడు. పునీకోడ్ గురించి వాడికి పావుగంట చెప్పాను. కొనేవాడికి కూడా ఇలాగే పావుగంట చెప్పాల్సి వస్తే ఇక అమ్మకం ఏం జరుగుతుంది? మనసొప్పక రెండేళ్ళు రెన్యూ చేసి, మూడో ఏడు వదిలేశా.

అసలు దెబ్బ 2022లో పడింది. మొదటి ఏడాది 99కి ఇచ్చినవాడు రెండో ఏడాది 2,500 అడుగుతాడు. డాట్ కామ్‌లు ఒక్కోటి జీఎస్టీతో కలిపి 1,100 చొప్పున 45,100, డాట్ ఇన్‌లు 700 చొప్పున 17,500, ఆ ఎనిమిది వింత పేర్లకీ 12,000. మొత్తం 74,600. 38 లక్షల ఆస్తి ఉన్నవాడికి 74 వేలు ఒక లెక్కా అనుకుని అన్నీ కట్టేశాను. బ్యాంకు మెసేజులు వరసగా టింగు టింగుమని మోగుతుంటే మా నాయిన పక్కన కూర్చుని టీవీ చూస్తున్నాడు.

"గన్ని పైసలు దేనికి కట్టవడితివి రా?"

"డొమైన్లు నాయినా. ఇంటర్నెట్ల ప్లాట్ల లెక్క అన్నట్టు."

శంకరపల్లి రోడ్డు పొడుగునా ప్లాట్లు ఎలా పెరిగాయో చూసిన మనిషి కాబట్టి ప్లాట్లు అనగానే ఇటు తిరిగాడు. "పాసుబుక్కు ఇస్తరా మరి?"

"లేదు. ఏడాదికోపారి కట్టుకుంట పోవాలె. కట్టకపోతే పోతది."

"ఎవనికి పోతది?"

"ఎవరన్న తీస్కోవచ్చు."

"గట్లయితే ప్లాటు అంటవేంది రా, కౌలు గద అది." మళ్ళీ టీవీ వైపు తిరుగుతూ ఇంకో మాట అన్నాడు. "కౌలుకు తీస్కున్నోడు అండ్ల ఏదన్న ఏస్తడు. నువ్వేమేసినవ్?"

మా నాయినకి సొంతానికి రెండెకరాలు, కౌలుకి నాలుగు. వానలు పడక కంది ఎండినా కౌలు మాత్రం కట్టాల్సిందే. ఆయనకి ఆ మాట తట్టడానికి అర నిమిషం పట్టలేదు. నేనేమో 'డిజిటల్ రియల్ ఎస్టేట్' అనే మాట వంద వీడియోల్లో విని, ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. డాట్ కామ్‌ని ఎంత డబ్బిచ్చినా ఒకేసారి పదేళ్ళకి మించి ఇవ్వరు. పట్టా అనేది అసలు లేదు. ఇక నేనేం వేశానయ్యా అంటే, పార్కింగ్ పేజీ వేశాను. 74 పేర్ల మీద ఏడాదంతా కలిపి నాలుగు డాలర్లు కూడా రాలలేదు. ఆ నాలుగైనా చేతికి రావాలంటే కనీస మొత్తం దాటాలట.

ఆ రాత్రి మొదటిసారి 'అంచనా విలువ' కాలమ్ తీసేసి లెక్క వేశాను. ఈ ఫీల్డులో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు చెప్పే మోటు లెక్క ఏమిటంటే, చేతిలో ఉన్న పేర్లలో ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. అదీ బాగా ఏరికోరి కొన్న పేర్లయితే. నాకు 74. అంటే ఏడాదికి ఒకటి అమ్ముడైతే అదృష్టం. ఆ ఒక్కటీ 75 వేలకి పోతే ఆ ఏడాది కౌలు మాత్రం వస్తుంది, లాభం సున్నా. ఇంజనీరింగ్‌లో ప్రాబబిలిటీకి ఒక పేపరు మొత్తం రాసి పాసైనవాణ్ణి, ఈ గుణకారం కొనేముందు చెయ్యలేదు చూడండి.. ప్చ్.

అమ్మకాలు అసలు లేవని కాదు. నాలుగేళ్ళలో రెండు. హైదరాబాద్‌లో ఒక ఏరియా పేరు, దాని వెనక 'ఫిజియో' అని ఉన్న డాట్ ఇన్ ఒకటి ఆ ఏరియాలోనే క్లినిక్ పెట్టిన డాక్టరుకి 18 వేలకి అమ్మాను. రెండోది రెండు ఇంగ్లీషు మాటల డాట్ కామ్, 350 డాలర్లు. మార్కెట్‌ప్లేస్ వాడు 20 శాతం తీసుకోగా, బ్యాంకు చార్జీలు పోగా చేతికొచ్చింది 23 వేలు. ఆ డాక్టరుగారు ఫోన్లో అన్న మాట గుర్తుంది, "బోర్డు మీద రాయించాలి, రేపటికి కావాలి" అని. నా మెటా పేర్లని ఏ బోర్డు మీద ఎవరు రాయించుకుంటారో కొన్న రోజు నన్ను ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. మిగతావాటిని ఏడాదికి కొన్ని చొప్పున వదులుకుంటూ వచ్చా. వెరసి లక్షా అరవై వేలు పెట్టి 41 వేలు తెచ్చుకున్నా.

తెలుగు మాటలతో పేర్లు కొనాలనుకునేవాళ్ళకి ఇంకో చిక్కుంది, ఇంగ్లీషు స్పెల్లింగ్. ఫోన్లో పేరు చెబితే అవతలివాడు తప్పు లేకుండా టైపు చెయ్యగలగాలి అంటారు. మన 'ధాన్యం' అనే మాటనే తీసుకోండి, డీ పక్కన హెచ్ ఉందా లేదా, ఏ ఒకటా రెండా. ఈమాట పత్రిక వాళ్ళు ఈ రెండుసార్లు, ఏ రెండుసార్లు వేసుకున్నారు, చదివేవాళ్ళకి అలవాటైపోయింది కాబట్టి సరిపోయింది. కొత్త పేరుకి ఆ అలవాటు ఎవరు చేస్తారు? ఇక తాండూరు అయితే మరీ ఘోరం. ఒక అక్షరం అటూ ఇటూ అయితే రొట్టెలు కాల్చే తందూరు అవుతుంది. గూగుల్‌లో మా ఊరి కోసం వెతికితే చికెన్ వచ్చిన రోజులున్నాయి.

చెయ్యకూడని పని కూడా ఒకటి చేశాను. ఒక పెద్ద కంపెనీ పేరు వెనక 'తెలుగు' అని తగిలించి కొన్నా. వాళ్ళు ఏదో ఒక రోజు తెలుగులోకి రాకపోతారా, నన్ను అడక్కపోతారా అని. వచ్చారు గానీ వాళ్ళు కాదు, వాళ్ళ లాయరు. మెయిల్ చూసి చెమటలు పట్టి మర్నాడే ఆ పేరు వాళ్ళకి రాసిచ్చేశా. తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, మన దేశంలో ఈ విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ముఖ్యమైన కేసు మన సత్యం వాళ్ళదే అని. సత్యం ఇన్ఫోవే వాళ్ళు తమ కంపెనీ పేరులోంచి 'సిఫీ' అనే మాట పుట్టించి 1999లో డొమైన్లు తీసుకున్నారు. 2001లో ఇంకెవరో మధ్యలో ఇంకో ఎఫ్ చేర్చి 'సిఫ్ఫీనెట్' అని తీసుకున్నారు. బెంగుళూరు సివిల్ కోర్టులో గెలిచి, కర్ణాటక హైకోర్టులో ఓడి, చివరికి 2004 మేలో సుప్రీంకోర్టులో సత్యం ఇన్ఫోవే గెలిచింది. డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్కుకి ఉండే లక్షణాలు ఉంటాయని కోర్టు అప్పుడే తేల్చేసింది. అప్పటికి నేను ఒకటో క్లాసు. అయినా 2024 అక్టోబర్‌లో జియో హాట్‌స్టార్ డాట్ కామ్ ముందే కొనిపెట్టుకున్న ఢిల్లీ కుర్రాడు రిలయన్స్‌ని కేంబ్రిడ్జి ఫీజు అడిగాడని పేపర్లో చదివినప్పుడు వాడి మీద జాలే వేసింది. ఆ ఆశ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అన్నట్టు ఈ నియమాలన్నీ నడిపే ఐకాన్ సంస్థ 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా తన సమావేశాలు పెట్టుకుంది ఎక్కడో కాదు, హైదరాబాద్ హెచ్ఐసీసీలో. ఎనిమిదో తారీఖు రాత్రే నోట్ల రద్దు. నేనప్పుడు హైదరాబాద్‌లోనే బీటెక్ రెండో ఏడు. నాకు గుర్తున్నది ఏటీఎం లైను ఒక్కటే.

ఇక లంచ్ టేబుల్ దగ్గర చెప్పని సంగతి.

2021 మార్చిలో, అంటే అన్నిటికంటే ముందు, నేను కొన్న మొదటి పేరు మా కందిపప్పుది. కచ్చితమైన స్పెల్లింగ్ చెప్పను, తాండూరు అనే మాటా కంది అనే మాటా అందులో ఉన్నాయి, డాట్ కామ్. తాండూరు కంది గురించి తెలియనివాళ్ళకి.. అడుగున నాపరాయి, పైన నల్లమట్టి, అందులో పండే కంది. త్వరగా ఉడుకుతుంది, రుచి వేరు. దానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగు కోసం 2020లో అప్లికేషన్ పెట్టింది మా యాలాల్ రైతు ఉత్పత్తిదారుల కంపెనీయే. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వెనక ఉండి సాయం చేశారు. ఊళ్ళో ఉన్నవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు ముందే తెలుసు. ట్యాగు వస్తే పేరుకి గిరాకీ వస్తుంది అని ఎనిమిదొందలు పెట్టి కొని, 499 డాలర్లు అని ధర పెట్టి, ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నా.

2022 డిసెంబర్‌లో ట్యాగు వచ్చింది. ఊరంతా సంబరం. ఆ రాత్రే నేను లాగిన్ అయి 499ని 1,999 చేశాను.

జీఐ చట్టం (1999లో చేశారు) నేను తర్వాత చదివాను. ఆ పేరు ఒక మనిషిది కాదు, అక్కడ పండించేవాళ్ళందరిదీ. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఇంకొకరికి రాసివ్వకూడదు. అదే పేరు డాట్ కామ్‌లో మాత్రం ఎనిమిదొందలు ఎవడు ముందు కడితే వాడిది. డొమైన్ తగాదాల నియమాలు ట్రేడ్‌మార్కునే చూస్తాయి, జీఐ ఒక్కటే ఉంటే సరిపోదు. షాంపేన్ తయారుచేసేవాళ్ళే 2011లో షాంపేన్ డాట్ కో కోసం వెళ్ళి ఓడిపోయి వచ్చారు. అంటే నా మీదకి ఏ లాయరూ రాడన్నమాట. ఆ ధైర్యంతోనే నిద్రపోయాను.

2023 మేలో తాండూరులో మా చుట్టాల పెళ్ళి. బగార అన్నం, దాల్చా. నా పక్కన మా మామ కూర్చున్నాడు, వరసకి మేనమామ, తాండూరులో చిన్న పప్పు మిల్లు ఉంది. ఆయన పక్కన అత్త, ఎదురుగా వాళ్ళబ్బాయి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి నేరుగా పప్పు పంపే పని మొదలుపెట్టారట.

"పేరే మంచిగ దొరకలే అల్లుడూ" అన్నాడు మామ. "మావోడు కంప్యూటర్ల కొట్టి సూస్తే ఎవడో అమెరికావోడు ముందుగాల్నే కొనుక్కొని పెట్టిండట. రెండు వేల డాలర్లు కావాల్నంట వానికి. లక్షా అరవై వేలు! మన కందిపప్పు పేరు పట్టుకొని ఆడ కూసుండి వాడు ఏం జేసుకుంటడు సెప్పు?"

అత్త ఆ అమెరికావోణ్ణి ఒక మంచి తిట్టు తిట్టింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పార్కింగ్ పేజీ ఇంగ్లీషులో ఉంటుంది, ధర డాలర్లలో ఉంటుంది, హూ-ఈజ్‌లో పేరు కనపడదు. వాళ్ళు అమెరికా అనుకోవడంలో తప్పు లేదు. చివరికి డాట్ ఇన్‌లో మధ్యలో గీత పెట్టి ఇంకేదో పేరు తీసుకున్నారట. "అన్నా, గీత అని సెప్తె ఎవరికీ సమజ్ అయితలేదు" అన్నాడు వాళ్ళబ్బాయి. నేను దాల్చా ఇంకొంచెం వేయించుకున్నా.

అయిదు నెలలు ఎవరికీ చెప్పలేదు. దసరాకి జమ్మి పెట్టడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చెప్పాను. ముందు డొమైన్ అంటే ఏమిటి అనే దగ్గర మొదలుపెట్టి చాలా చుట్టూ తిరిగాను, మామకి విసుగొచ్చి "సక్కగ సెప్పు" అన్నాడు. చెప్పాను.

"ఆ అమెరికావోడివి నువ్వేనా?" అని మామ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటి నవ్వో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు. అత్త మాత్రం నవ్వలేదు. "ఆనాడు పెండ్లిల పక్కనే కూసుంటివి గద రా. ఒక్క మాట సెప్పకపోతివి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

పేరు ఊరికే రాసిస్తా తీసుకోండి అన్నాను. మామ వద్దన్నాడు. గీత ఉన్న పేరుతో అయిదు వేల సంచులు అచ్చేయించారు, స్టిక్కర్లు, జీఎస్టీ బిల్లు బుక్కులు అన్నీ ఆ పేరుతోనే. "ముందుగాల అయితే పనికొస్తుండె" అన్నాడు. చివరికి నాకూ వాళ్ళబ్బాయికీ తోచింది ఏమిటంటే, పేరు నా దగ్గరే ఉంచి, అది కొట్టినవాళ్ళు వాళ్ళ సైటుకి వెళ్ళేట్టు రీడైరెక్ట్ పెట్టడం. రెండు నిమిషాల పని. రోజుకి ఇద్దరో ముగ్గురో అటునుంచి వస్తారు. ఏడాదికి 1,100 నేనే కడతాను. మామ ఊరికే ఉండలేక ప్రతి సంక్రాంతికీ అయిదు కిలోల పప్పు పంపిస్తాడు.

ఈ ఏడు పంపిన దాంట్లో పురుగు కనపడిందని అమ్మ డాబా మీద చాప పరిచి ఎండబోసింది.